బిడ్డకు తొలి ముద్ద: మీ ప్రశ్నలు, మా జవాబులు

అన్నప్రాశన, ఉగ్గు, రాగిజావల మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మా పాపకు ఐదో నెల నడుస్తోంది. ఆడపిల్లకు బేసి నెలలోనే అన్నప్రాశన చేయాలని, ఈ నెలే కాణిపాకంలో చేయిద్దామని మా అత్తగారు పట్టుబడుతున్నారు. డాక్టరేమో ఆరు నెలలు నిండాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: ఇద్దరి మాటా నిలబడే దారి ఉందమ్మా. ఐదులాగే ఏడూ బేసి నెలే. పాపకు ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండగానే ఏడో నెల మొదలవుతుంది. ఆ నెలలో ముహూర్తం పెట్టించుకోండి. అత్తగారికి శాస్త్రం, డాక్టరుకు లెక్క, రెండూ సరిపోతాయి.

చిక్కు మగపిల్లల దగ్గర వస్తుంది. ఆరో నెలలో చేస్తామంటారు, అప్పటికి నిండేది ఐదే. బంధువులంతా వచ్చే వేడుక కనుక తేదీ మార్చలేమనుకుంటే, ఆ రోజు ఉంగరంతో నాలుకకు పాయసం తాకించి ఊరుకోండి. రోజువారీ తిండి ఆరు నిండాకే మొదలుపెట్టాలి. ఎనిమిదో నెలకు ముహూర్తం కుదిరినా ఇదే మాట: వేడుక కోసం ఇంట్లో తిండి ఆపకూడదు. పుట్టినప్పుడు ఒంట్లో దాచుకొచ్చిన ఇనుము ఆరు నెలలకు తరిగిపోతుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ.

పళ్లెంలో తేనె మాత్రం వద్దు, చుక్కైనా సరే. తేనెలో బొటులినం అనే సూక్ష్మక్రిమి బీజాలుండవచ్చు. ఏడాదిలోపు పిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం పుట్టిస్తే కండరాలు చచ్చుబడతాయి. తేనెను కాచినా ఆ బీజాలు చావవు.

ప్రశ్న: చెంచా నోట్లో పెట్టగానే బాబు నాలుకతో బయటికి తోసేస్తున్నాడు. రుచి నచ్చలేదా?
– శ్రీకాళహస్తి

జవాబు: అది నచ్చకపోవడం కాదు. చప్పరించి పాలు తాగే బిడ్డకు నాలుక ముందుకు రావడమే అలవాటు. మెడ నిలిచి, ఆసరాతో కూర్చోగలిగే వేళకు అది తగ్గుతుంది. చెంచాలో సగమే తీసుకుని, కూర్చోబెట్టి, కింది పెదవి మీద ఆనించి ఆగండి. నోరు తెరిచాకే లోపలికి. పడుకోబెట్టి, ముక్కు మూసి పోయడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోయే దారి. ఒక కొత్త రుచికి అలవాటు పడటానికి పది పదిహేనుసార్లు పట్టవచ్చు. రెండుసార్లు ఉమ్మితే ఆ కూరగాయను జాబితాలోంచి కొట్టేయకండి.

ప్రశ్న: బాబుకు ఏడున్నర నెలలు, ఏడు కిలోలు. రోజుకు మూడుసార్లు గ్లాసుడు రాగిజావ, మధ్యాహ్నం పప్పుకట్టు పోస్తున్నాం. కడుపునిండా తాగుతాడు. అయినా నెలన్నరగా కార్డులో బరువు గీత అడ్డంగానే పోతోంది. రాగులకంటే బలమైనది ఏముంది?
– పలమనేరు

జవాబు: రాగుల్లో బలం ఉంది, మీ గ్లాసులో లేదు. లెక్క చూడండి. 200 మి.లీ. నీళ్లలో పెద్ద చెంచాడు పిండి, అంటే పది గ్రాములు వేసి కాస్తే ఆ జావలో ఉండేది 32 కేలరీలు. అంతే కొలత తల్లిపాలలో 130 దాకా ఉంటాయి. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది సుమారు 200 మి.లీ. జావతో అది నిండిపోతే, దానికి నాలుగింతల శక్తి ఉన్న పాలకు చోటుండదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక తిండి నుంచి రోజుకు 200 కేలరీలు రావాలి. మూడు గ్లాసులు కలిపినా మీకు వంద రావడం లేదు. పప్పుకట్టు సంగతి ఇంకా అన్యాయం: మాంసకృత్తులన్నీ అడుగున పప్పులో ఉంటాయి, బిడ్డకు పైన తేరిన నీళ్లు, పెద్దలకు పప్పు!

ఇలా మార్చండి. 150 మి.లీ. చల్లటి నీళ్లలో రెండు పెద్ద చెంచాల పిండి (20 గ్రా.) ఉండలు కట్టకుండా కలిపి, సన్నసెగన ఎనిమిది, పది నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. దించాక చిన్న చెంచా నెయ్యి. నెయ్యి ఒక్కటే 45 కేలరీలు, మొత్తం 110 దాకా వస్తాయి. చెంచా వంచితే ధార కట్టకూడదు, ముద్దగా జారాలి. ఇదే గుర్తు. గ్లాసు, పాలసీసా పక్కన పెట్టి గిన్నె, చెంచా వాడితే పలచన చేయాలన్న బుద్ధే పుట్టదు.

రాగి రోజుకు ఒక పూట చాలు. వంద గ్రాముల రాగుల్లో 364 మి.గ్రా. కాల్షియం ఉంది, అందులో ఎదురులేదు. ఇనుము 4.6 మి.గ్రా. ఉన్నా, గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు అడ్డుపడి ఒంటికి పట్టేది కొంతే. రెండో పూట మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు మెత్తగా ఉడికించి, పప్పుతో సహా మెదిపి, నెయ్యి వేసి పెట్టండి. అందులో ఆకుకూర వేస్తే రెండు చుక్కల నిమ్మరసం పిండండి, ఇనుము బాగా పడుతుంది. మాంసాహారులైతే ఉడికించిన గుడ్డు, వారానికి ఒకటి రెండుసార్లు కాస్త కోడి కార్జం మెదిపి పెట్టడం ఇంకా మేలు. మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలతో మొదలై, ఈ వయసుకు 250 మి.లీ. కప్పులో సగం దాకా రావాలి. తల్లిపాలు మానొద్దు. రెండు వారాలు ఇలా పెట్టి తూకం వేయించండి. గీత లేవకపోతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో అందరూ తినే సంగటి ఎప్పుడు పెట్టొచ్చని ఇంకొకరు అడిగారు. తొమ్మిదో నెల దాటాక, బాగా ఉడికిన సంగటిని పప్పుతో చిదిమి నిశ్చింతగా పెట్టండి. ఉప్పు, కారం వేయకముందే బిడ్డ వాటా తీసి పెట్టుకోవాలి. ఏడాది దాకా ఉప్పూ వద్దు, చక్కెరా వద్దు, బెల్లమూ వద్దు. చప్పగా ఉంటుందని బెంగపడేది మనమే.

ప్రశ్న: రాగుల్ని మొలకెత్తించి పిండి పట్టిస్తే పుల్లటి వాసన వస్తోంది. పైగా ఎంత కాచినా జావ చిక్కబడటం లేదు. పిండి చెడిపోయినట్టేనా?
– పుంగనూరు

జవాబు: ఈ రెండింటికీ కారణాలు వేరు. వాసన తడి వల్ల. రాగుల్ని రాళ్లు ఏరి, నాలుగైదు నీళ్లు కడిగి, పది పన్నెండు గంటలు నానబెట్టండి. వేసవిలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చకపోతే పులుస్తాయి. నీళ్లు పూర్తిగా వంచేసి పలచటి గుడ్డలో మూట కట్టి, ఆరకుండా రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు చిలకరించండి. ఒకటి ఒకటిన్నర రోజులో తెల్లటి మొలక కనిపిస్తుంది, అంతకన్నా పెరగనివ్వొద్దు. జిగట, బూజు కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే, కడిగి వాడొద్దు. నీడన గలగలలాడేదాకా ఆరబెట్టి, సన్నసెగన తేలిగ్గా వేయించి, పట్టించి, గుడ్డలో జల్లించాలి. పూర్తిగా ఆరకముందే మిల్లుకు తీసుకెళ్లడమే అందరూ చేసే పొరపాటు.

ఇక చిక్కబడకపోవడం చెడు కాదు, అది మొలక గుణం. మొలకలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, జావ జారుగా వస్తుంది. అందుకే అదే నీళ్లకు ఒకటిన్నర రెట్లు పిండి వేయవచ్చు, బిడ్డ అదే గిన్నెలో ఎక్కువ శక్తి తింటుంది. మామూలు పిండి కొలతే వేస్తే మాత్రం పై ఉత్తరంలోని పలచటి జావే మిగులుతుంది.

ప్రశ్న: మాకు శనక్కాయల పంట. ఎనిమిది నెలల పాపకు పెట్టొచ్చా? చుట్టాలు పడదంటున్నారు.
– చంద్రగిరి

జవాబు: పెట్టొచ్చు, పెట్టాలి కూడా. అలర్జీ భయంతో వేరుశనగను ఆలస్యం చేయాలన్న పాత సలహా తప్పని లండన్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది. ముప్పున్న పిల్లలకు కూడా ఏడాదిలోపే మొదలుపెడితే అలర్జీ బాగా తగ్గింది. గింజగా మాత్రం వద్దు, ఐదేళ్లదాకా వద్దు. వేయించి, పొట్టు తీసి, నూనె ఊరేదాకా మెత్తగా నూరి, పావు చెంచా ముద్దను ఉగ్గులో కలపండి. మొదటిసారి పగటిపూట పెట్టి రెండు గంటలు గమనించండి: ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, ఊపిరి కష్టం వస్తే వెంటనే ఆసుపత్రికి. చర్మం మీద తీవ్రమైన ఎగ్జిమా (పొడిబారి ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరును అడగాలి. ముక్కిన, నల్లబడిన, చేదు గింజల్ని ఏరేయండి, బూజు విషం వేయించినా పోదు.

ప్రశ్న: నేను ఉద్యోగానికి వెళ్తాను. ఉదయం వండి పెట్టిన ఉగ్గును మా అమ్మ మధ్యాహ్నం రెండింటికి పెట్టొచ్చా?
– తిరుపతి

జవాబు: వద్దు. వండిన తిండి బయట రెండు గంటలు నిలవడమే ఎక్కువ, మన మే నెల ఎండల్లో గంటే. అటుకులు మూడు పాళ్లు, పుట్నాలపప్పు ఒక పాలు వేర్వేరుగా వేయించి మెత్తగా పొడి కొట్టి ఆరిన డబ్బాలో పెట్టండి. రెండూ ముందే ఉడికినవే కనుక మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెడితే ముద్దవుతుంది. అమ్మగారు అరటిపండో నెయ్యో కలుపుకుంటే సరి. బొరుగులతో చేసుకోవచ్చుగానీ, వాటిలో ఉప్పు ఉంటుంది. ఎంగిలైన గిన్నెలో మిగిలింది దాచొద్దు.

ప్రశ్న: తినేటప్పుడు బాబుకు పొలమారితే చాలా భయమేస్తోంది. తిరుమల లడ్డూ చిదిమి పెట్టొచ్చా?
– తిరుపతి

జవాబు: దగ్గుతూ, ముఖం ఎర్రబడి, శబ్దం చేస్తుంటే బిడ్డే సర్దుకుంటుంది, వేలు పెట్టి కెలకొద్దు. శబ్దం ఆగి, పెదవులు నీలమైతే అడ్డుపడినట్టు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ నడిమధ్య ఐదు నొక్కులు. బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూ, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. లడ్డూలో జీడిపప్పు, కలకండ ఉంటాయి, అంతా చక్కెర. ప్రసాదం మీరు తినండి, బాబుకు కళ్లకద్దండి.

ప్రశ్న: ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్ వేస్తే పాప విరేచనం నల్లగా వస్తోంది. ఆపేయాలా?
– నగరి

జవాబు: ఆపొద్దు. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోయే రంగు అది. వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున, పాలతో కాకుండా తిన్న తర్వాత వేయండి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో మాత్రం ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టండి. తారులా జిగటగా, రక్తం వాసనతో వస్తే అది సిరప్ వల్ల కాదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి.