మా పాప హ్యూమన్ డెవలప్‌మెంట్ చదువుతానంటోంది, చేర్చమంటారా?

ప్రశ్న: మాది దామలచెరువు దగ్గర పల్లె. మామిడి మండీలో లెక్కలు రాస్తాను. మా పాప ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. లాంగ్‌టర్మ్‌కి పంపుతానంటే వద్దంటోంది. హోంసైన్స్‌లో హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్ అని ఒకటుందంట, అదే చదువుతానంటోంది. మా తమ్ముడి కొడుక్కి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. వాణ్ని వారం వారం తిరుపతికి థెరపీకి తీసుకుపోయేది మా పాపే. అప్పట్నుంచీ ఇదే పట్టు. మా ఇంట్లో వాళ్లేమో వంటలూ కుట్లూ నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా? చేర్చమంటారా?

జవాబు: అన్నా, ఉద్యోగాలున్నాయి. కానీ డిగ్రీ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే వచ్చేవి చాలా తక్కువ. దీన్ని మూడేళ్ల చదువు అనుకోకుండా, పైన ఇంకో రెండేళ్లు కలిపి ఐదారేళ్ల చదువు అనుకుని మొదలుపెట్టేట్టయితే చేర్చండి. ఇంట్లో అంత ఓపిక ఉందా లేదా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. డిగ్రీ అయ్యాక మాట్లాడుకుంటే పాపకూ మీకూ టెన్షన్ తప్పదు.

దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. థెరపీ గదిలో పాపకు ఏది నచ్చింది? పిల్లాడి ఎదురుగా కూర్చుని మాట పలికించే పనే చేయాలని ఉంటే, అది స్పీచ్ థెరపిస్ట్ పని. దానికి చదువు వేరు, బీఏఎస్ఎల్‌పీ అంటారు. ఇంటర్ సైన్స్ గ్రూపు వాళ్లు చేరొచ్చు. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ చదువుకు దేశంలోనే పేరున్న చోటు. మనకు మరీ దూరం కూడా కాదు. ఇప్పుడు హోంసైన్స్ చదివి, తర్వాత స్పీచ్ థెరపీలో పీజీ చేద్దామంటే కుదరదు. ఆ పీజీకి కింద ఆ డిగ్రీయే ఉండాలి. ఈ ఒక్క ముక్క తెలియక డిగ్రీ మూడో ఏడాదిలో నా దగ్గర కూర్చుని ఏడ్చిన పిల్లలున్నారు. అందుకే ముందుగా చెబుతున్నా.

అలా కాకుండా, వాడికి మాటలు ఎందుకు ఆలస్యమయ్యాయి, ఇంట్లో వాడితో ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారు, తల్లి దిగులు ఎలా ఉంది, అవ్వ ఏమంటోంది, ఇదంతా పాప గమనిస్తూ ఉంటే మాత్రం ఆమె అడుగుతున్న చదువు సరైనదే. మీరు రాసినదాన్ని బట్టి నాకు రెండోదే అనిపిస్తోంది. అయినా ఆమెనే అడగండి.

ఇక వంటలూ కుట్లూ మాట. హోంసైన్స్ అనేది ఒక పెద్ద ఇల్లు. అందులో ఆహారం, పోషణ ఒక గది. బట్టలు, టెక్స్‌టైల్స్ ఇంకో గది. ఇంటి వనరులు, విస్తరణ విద్య మరో రెండు. మీ పాప అడుగుతున్నది మనిషి ఎదుగుదల గది. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి ముసలితనం దాకా మనిషి శరీరం, బుద్ధి, మాట, మనసు ఎలా మారుతూ వస్తాయి, ఆ మార్పులో కుటుంబం పాత్ర ఏమిటి అన్నదే ఇక్కడ పాఠం. ఈ పాత పేరు వల్ల అపోహలు వస్తున్నాయనే వ్యవసాయ విశ్వవిద్యాలయాలు హోంసైన్స్‌ను కమ్యూనిటీ సైన్స్‌గా మార్చాయి. గుంటూరులో ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీ కాలేజీ కూడా ఇప్పుడు ఆ పేరుతోనే ఉంది.

తరగతిలో ఏం చేయిస్తారో ఒకటి చెబుతాను. విద్యార్థిని నర్సరీలోనో అంగన్‌వాడీలోనో ఒక మూల కూర్చోబెట్టి, ఒకే పిల్లాణ్ని ఇరవై నిమిషాలు చూసి రాయమంటారు. మొదటిరోజు అందరూ ‘బాబు అల్లరి చేశాడు’ అని రాస్తారు. టీచర్ దాన్ని కొట్టేస్తుంది. అల్లరి అన్నది నీ అభిప్రాయం, నువ్వు చూసిందేమిటి అని అడుగుతుంది. రెండో వారానికి ‘ఎర్ర దిమ్మె తీసి గోడకేసి విసిరాడు, వెంటనే ఆయమ్మ వైపు చూశాడు, ఆమె చూడలేదు, ఇంకోటి విసిరాడు’ అని రాయడం వస్తుంది. చదివితే మీకే తెలుస్తుంది, వాడికి కావాల్సింది దిమ్మె కాదు, ఆయమ్మ చూపు. అట్లాగే తొమ్మిది పది నెలల బిడ్డ ముందు నాలుగు బొరుగులు వేసి, గుప్పిటతో ఊడ్చి తీస్తోందా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కొక్కటే తీస్తోందా అని చూస్తారు. మన ఇళ్లలో ముసలమ్మలు చూసేదే ఇది. చదువుకున్నవాళ్లకు ఎప్పుడు ఆగి చూడాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరకు పంపాలో తెలుస్తుంది.

సిద్ధాంతాలు కూడా చాలానే ఉంటాయి. పిల్లలు ఎలా ఆలోచిస్తారో, నేర్చుకుంటారో చెప్పిన పియాజే, వైగాట్‌స్కీ, మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూసిన ఎరిక్సన్. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ అయితే బిడ్డను ఒంటరిగా చూడకూడదన్నాడు. బిడ్డ చుట్టూ ఇల్లు, ఇంటి చుట్టూ బడి, వీధి, అమ్మానాన్నల ఉద్యోగాలు, ప్రభుత్వ విధానాలు, ఇవన్నీ కలిసే బిడ్డను పెంచుతాయన్నాడు. 1965లో అక్కడ పేదపిల్లల కోసం మొదలైన హెడ్‌స్టార్ట్ పథకానికి రూపమిచ్చిన వాళ్లలో ఆయన ఒకరు. మీకు దగ్గరి ఉదాహరణ కావాలంటే మండీనే తీసుకోండి. మామిడి సీజన్‌లో ఇంట్లో పెద్దవాళ్లందరూ పొద్దున్నుంచీ రాత్రిదాకా మండీలోనే ఉంటే, రెండేళ్ల బిడ్డతో మాట్లాడే మనిషెవరు? తోతాపురి ధర పడిపోయిన ఏడాది ఆ ఇంట్లో మాటలెలా ఉంటాయి? ఆయన చెప్పింది ఇదే.

ఉద్యోగాలకొస్తాను. మన దగ్గర ఈ చదువుకు అన్నిటికంటే పెద్ద ఆధారం ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం. 1975 అక్టోబరు 2న మొదలైంది. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. వాటి పైన సూపర్‌వైజర్లు, వాళ్ల పైన సీడీపీఓలు, అంటే ప్రాజెక్టు అధికారులు. ఏపీపీఎస్సీ వేసే సూపర్‌వైజర్ పోస్టులకు అర్హత ఉన్న డిగ్రీల్లో హోంసైన్స్ ఒకటి. ఈ పోస్టులు ఏటా పడవు. పడినప్పుడు పోటీ గట్టిగా ఉంటుంది. అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. కానీ 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువును అసలైన చదువుగా లెక్కిస్తున్నారు. అంగన్‌వాడీ అంటే గుడ్డూ పాలూ ఇచ్చే చోటు అన్న చూపు మారాలంటే, పిల్లలెలా నేర్చుకుంటారో తెలిసిన మనుషులు అక్కడుండాలి. మీ పాపలాంటి వాళ్లు ఆ పోస్టుల్లోకి రావాలని నాకు ఎంతో ఉంది.

రెండోది, నా లెక్కలో మీ పాపకు బాగా సరిపోయేది, ప్రత్యేక విద్య. డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ చేయాలి. చేరేముందు ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. 1992 చట్టం ప్రకారం ఆర్‌సీఐలో పేరు నమోదు లేకుండా ఈ పని చేయకూడదు. ఇది మాత్రం నా మాటగా గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆరు నెలల డిప్లొమా చేస్తే చైల్డ్ సైకాలజిస్ట్ అయిపోతారని ప్రకటనలు వస్తుంటాయి. అలాంటి చోట డబ్బు కట్టొద్దు. సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల విషయంలో దేశానికంతటికీ అదే పెద్ద సంస్థ. ఉద్యోగాల మాటకొస్తే, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. బడుల్లో స్పెషల్ టీచర్లను నియమించాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2025 మెగా డీఎస్సీలో ఈ పోస్టులు కూడా కొన్ని వేశారు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లోనూ స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలి. మీ తమ్ముడి కొడుకును ఇంతవరకూ అక్కడ చూపించకపోతే ఈ వారమే తీసుకెళ్లండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అక్కడ ఖర్చుండదు.

బాలల సంరక్షణ వైపు కూడా దారుంది. 2015 బాలల న్యాయ చట్టం కింద ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం ఉంటుంది. తప్పిపోయి రైలెక్కి వచ్చిన పిల్లలు తిరుపతి స్టేషన్‌లో దిగడం మనకు కొత్త కాదు, వాళ్లతో మాట్లాడేందుకు కౌన్సెలర్లు కావాలి. అయితే వీటిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు పోస్టులు, జీతం తక్కువ, మనసుకు బరువెక్కువ. పాపకు ఇరవై ఒకటికే ఆ బరువు ఎత్తమని నేను చెప్పను.

ప్రైవేటులో ప్రీస్కూళ్లు చాలానే ఉన్నాయి, మొదట్లో ఇచ్చే జీతం మాత్రం బస్సు చార్జీలకు, బట్టలకు సరిపోయేంతే. క్రెష్‌లు, అంటే పనికి పోయే తల్లుల బిడ్డలను చూసుకునే చోట్లు, వాటి సంగతి వేరు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, యాభై మందీ ఆపైనా పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. శ్రీసిటీలో ఫ్యాక్టరీలకు పొద్దున్నే బస్సులెక్కి పోయే ఆడపిల్లలను చూడండి. రేపు వాళ్లకు పెళ్లిళ్లై బిడ్డలు పుడితే ఆ క్రెష్‌లను నడపడం తెలిసినవాళ్లు కావాలి. పీజీ చేసి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాస్తే లెక్చరర్ దారి ఉంది. హోంసైన్స్ నెట్‌లో ఒక సబ్జెక్టు. అందులోనే జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదట్లో నెలకు 37,000 రూపాయలు అందుతాయి. పెద్దవాళ్ల సంరక్షణ గురించి కూడా ఆలోచించమనండి. మన పల్లెల్లో ఎన్ని ఇళ్లలో పిల్లలు బెంగళూరులోనో కువైట్‌లోనో ఉండి, ఇద్దరు ముసలాళ్లు మాత్రం మిగిలారో మీకు నేను చెప్పక్కర్లేదు.

చదివే చోటు కోసం దూరం పోనక్కర్లేదు. తిరుపతిలో టీటీడీ వారి పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. పీజీకి 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ ఎస్వీ యూనివర్సిటీలోనూ హోంసైన్స్ విభాగాలున్నాయి. ఏపీ పీజీసెట్ రాసి చేరాలి. ఆప్షన్లు పెట్టేముందు ఒకరోజు కాలేజీకి వెళ్లి మూడు అడగండి. ఈ ఏడాది హ్యూమన్ డెవలప్‌మెంట్ పేపర్లు ఎన్ని ఉన్నాయి, పిల్లలను చూసే ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారు, కిందటి బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు. మూడో ప్రశ్నకు పేర్లతో సహా చెప్పగలిగిన విభాగాన్ని నమ్మొచ్చు.

సంబంధాలు చూసేటప్పుడు ఏం చదివిందని చెప్పాలని కూడా మీ మనసులో ఉండొచ్చు. పిల్లల ఎదుగుదల గురించి చదివింది, స్పెషల్ టీచరు అవుతుంది అని చెప్పండి, అంతే.

ఇక ఈ ఎండాకాలంలో ఒక పని చేయించండి. మీ ఊరి అంగన్‌వాడీ టీచరమ్మను అడిగి, పదిరోజులు పాపను పొద్దున ఒక గంట అక్కడ కూర్చోనివ్వండి. ఒక నోట్‌బుక్ ఇచ్చి, రోజుకొక బిడ్డ గురించి చూసింది చూసినట్టు ఒక పేజీ రాయమనండి. మీరు లెక్కలు రాసే మనిషి, అంకెకూ అంచనాకూ తేడా మీకు తెలుసు. పదోరోజు ఆ నోట్‌బుక్ మీరే చదవండి. ఐదోరోజుకే పాప విసుక్కుంటే మైసూరు కోర్సు గురించో ఇంకోదాని గురించో మళ్లీ మాట్లాడదాం. పది పేజీలూ రాసి ఇంకో నోట్‌బుక్ అడిగితే ఆప్షన్లు పెట్టేయండి.