మెసేజ్‌కి గొంతెక్కడిది?

ప్రశ్న: నేనూ నా కొలీగ్ ఐదేళ్లుగా ఒకే టీమ్. మంచి స్నేహితులం కూడా. నెల క్రితం నా రిపోర్ట్ చూసి తను గ్రూప్‌లో అందరి ముందూ 'ఇది మళ్లీ చెయ్యాలి' అని పెట్టింది. తర్వాత మీటింగ్‌లో నేను చేసిన పని గురించి చెబుతూ నా పేరెత్తలేదు. అప్పట్నుంచి పనుంటే తప్ప మాట్లాడటం మానేశాను. తనూ మానేసింది. ఆదివారం సాయంత్రం నుంచే టెన్షన్ మొదలవుతోంది. టీమ్ మారిపోనా?

జవాబు: పక్కసీట్లో ఐదేళ్ల స్నేహం ఉండీ పలకరింపు లేకుండా రోజంతా గడపడం ఎంత నరకమో అర్థమవుతోంది. దీన్ని చిన్న విషయమని నేను తీసిపారేయను.

ఆ మూడు మాటలూ మీరు ఎన్నిసార్లు చదువుకున్నారో! చదివినప్పుడల్లా ఇంకాస్త కటువుగా వినిపించి ఉంటాయి. కానీ మెసేజ్‌కి గొంతెక్కడిది? మనం పెట్టుకుని చదువుకున్నదే. 2005లో జస్టిన్ క్రూగర్, నికోలస్ ఎప్లీ అనే మనస్తత్వ పరిశోధకులు మరికొందరితో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ఈమెయిల్‌లో తాము రాసింది వెటకారమో, నిజంగా అన్నదో చదివేవాళ్లు 78 శాతం సార్లు పట్టేస్తారని రాసినవాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే 56 శాతమే. నాణెం ఎగరేసి చెప్పినా ఇంచుమించు అంతే! తను హడావుడిలో రాసి మర్చిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత మీ ముభావం చూసి, మీరే దూరం పెట్టారని బాధపడుతూ ఉండొచ్చు.

మీ పేరు చెప్పకపోవడం మాత్రం వేరే సంగతి. దాన్ని సర్దుకుపొమ్మనను. అయితే రెండూ ఒకే మూట కట్టి ఆమె ముందు పడేయకండి. ముందు మెసేజ్ గురించి అడగండి.

ఇద్దరే ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. 'నువ్వెప్పుడూ ఇంతే' అని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. ఆ 'ఎప్పుడూ' దగ్గరే ఎదుటివాళ్లు వినడం మానేసి సమాధానం వెతుక్కోవడం మొదలుపెడతారు. 'ఆ రోజు నీ మెసేజ్ చూసి చాలా చిన్నబోయాను. నిన్ను అడగకుండా మాట్లాడటం మానేశాను. అసలేమైంది?' అనండి. అని ఆగండి. తను వెంటనే బదులివ్వకపోతే ఆ కాసేపూ భరించడం కష్టమే. అయినా కంగారుపడి మీరే మాట్లాడేయకండి. తను చెప్పాక 'అంటే నువ్వనేది ఇదా?' అని మీ మాటల్లో తిరిగి అడగండి. 'అయ్యో, నేనన్నది అది కాదే' అన్న మాట చాలాసార్లు అక్కడే బయటికొస్తుంది. మనసు కాస్త తేలికపడ్డాక మీటింగ్ సంగతి ఎత్తండి.

ఆమె దాటవేసినా, మళ్లీ మీ పేరు వదిలేసినా మేనేజర్‌ని కలవండి. ఏ తేదీన, ఏ రిపోర్ట్ విషయంలో ఏం జరిగిందో చెప్పండి. ఆమె స్వభావం గురించి వద్దు. టీమ్ మారాలా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఈలోగా నిద్ర, ఆకలి దెబ్బతింటుంటే మాత్రం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని కౌన్సెలర్‌ని కలవండి.

మొదటి మాట ఎలా ఎత్తాలో తోచకపోతే, 'ఒక పది నిమిషాలు బయటికెళ్లి మాట్లాడుకుందామా?' అని అడగండి.