మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను కేంద్రకం దాటించేది ఎన్‌ఎక్స్‌ఎఫ్1 జన్యువేనా? అది లేకపోతే ఏమవుతుంది?

ప్రోటీన్లు కేంద్రక రంధ్రాలను దాటడానికి రాన్ అనే ప్రోటీన్ తోడు కావాలని చదివారనీ, ప్రోటీన్ తయారీకి జన్యువు సందేశాన్ని మోసుకెళ్లే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు కూడా అదే నియమం వర్తిస్తుందా అనీ అడిగారు. పరిశోధక విద్యార్థిగా ఈ జన్యువు మీదే పనిచేశాను కనుక కాస్త వివరంగా చెబుతాను.

రంధ్రం ఒకటే, వాహకాలు వేరు. ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను అందించే టీఆర్‌ఎన్‌ఏలూ, జన్యువుల పనిని అదుపుచేసే మైక్రోఆర్‌ఎన్‌ఏల పూర్వరూపాలూ ఎక్స్‌పోర్టిన్ కుటుంబపు ప్రోటీన్ల సాయంతో, రాన్ మీద ఆధారపడి బయటికి వస్తాయి. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలలో అత్యధిక భాగానికి వాహకం మాత్రం 11వ క్రోమోజోమ్ మీది ఎన్‌ఎక్స్‌ఎఫ్1 జన్యువు నుంచి తయారయ్యే 619 అమైనో ఆమ్లాల ప్రోటీన్. దీనికి రాన్‌తో పనిలేదు. ఎన్‌ఎక్స్‌టీ1 అనే చిన్న ప్రోటీన్‌తో జతకట్టి రంధ్రాన్ని దాటిస్తుంది. బయటి అంచున డీడీఎక్స్19 అనే హెలికేస్ (ఆర్‌ఎన్‌ఏ మీది పట్టును సడలించే ఎంజైమ్) కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేసి వాహకాన్ని ఆర్‌ఎన్‌ఏ నుంచి విడదీస్తుంది కాబట్టి, దాటిన ఆర్‌ఎన్‌ఏ మళ్లీ లోపలికి జారిపోదు.

నా దృష్టిలో అసలు విశేషం వేరే ఉంది. ఈ ప్రోటీన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఆర్‌ఎన్‌ఏను చాలా బలహీనంగానే పట్టుకుంటుంది. ట్రెక్స్ అనే ప్రోటీన్ల సముదాయం ఆర్‌ఎన్‌ఏ మీద చేరి, అందులోని ఆలీరెఫ్ వంటి ప్రోటీన్లు దీన్ని తాకి రూపం మార్చాకే పట్టు బిగుస్తుంది. ట్రెక్స్ చేరిక స్ప్లైసింగ్‌తోనూ (ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని భాగాలను తీసేసి మిగతావి అతకడం), ఆర్‌ఎన్‌ఏ మొదటి కొసకు టోపీలాంటి రసాయన తొడుగు పడటంతోనూ ముడిపడి ఉంది. అందువల్ల ఈ బలహీనతను లోపంగా కాక, సిద్ధం కాని ఆర్‌ఎన్‌ఏ తొందరపడి బయటికి రాకుండా కాచే ఏర్పాటుగా నేను అర్థం చేసుకున్నాను.

ఇక మీ రెండో ప్రశ్న. హీలా కణాల్లో (ప్రయోగశాలలో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఎస్ఐఆర్‌ఎన్‌ఏతో, అంటే ఎంచుకున్న జన్యువును అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏతో, ఎన్‌ఎక్స్‌ఎఫ్1ను అణచి, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏల చివర ఉండే పాలీ-ఏ తోకలకు అతుక్కునే ఎర్రటి ప్రోబ్‌తో ఫిష్ (ఆర్‌ఎన్‌ఏ కణంలో ఎక్కడుందో వెలుగు ద్వారా చూపే పరీక్ష) చేసేవాళ్లం. మామూలు కణాల్లో కేంద్రకంలో కొన్ని చుక్కలు, చుట్టూ కణద్రవ్యమంతా పరుచుకున్న ఎరుపు కనిపిస్తాయి. అణచిన కణాల్లో కేంద్రకం ఎర్రగా నిండిపోయి, వెలుపల వెలుగు బాగా తగ్గిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: వెలుపల వెలుగు తగ్గడం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ తయారీ మందగించినా అలాగే కనిపిస్తుంది, లోపల పేరుకోవడాన్ని కూడా కొలిచినప్పుడే అది రవాణా లోపమని చెప్పగలం. ఆ స్థితిలో కణాల పెరుగుదల కూడా కుంటుపడుతుంది. ఇదే కుటుంబానికి చెందిన ఎన్‌ఎక్స్‌ఎఫ్2 వంటి జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నా, ఈ లోటును అవి పూడ్చలేవు.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ దెబ్బతీసేదీ ఇక్కడే. దాని ఎన్ఎస్1 ప్రోటీన్ ఎన్‌ఎక్స్‌ఎఫ్1ను పట్టుకుని, రోగనిరోధక స్పందనకు కావలసిన సందేశాలు సహా కణపు ఆర్‌ఎన్‌ఏలను కేంద్రకంలోనే ఆపేస్తుంది.