లిస్టు సరే, చేతికెలా ఉంటుందో చూశావా?

అమ్మాయ్,

ఎలక్ట్రానిక్స్ పని బల్ల కోసం కొనాలనుకుంటున్న పరికరాలంటూ నువ్వు పంపిన లిస్టు చూశాను. ఏ మీటరుకి ఎన్ని కౌంట్లు, ఏ స్కోపుకి (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపుకి) ఎన్ని మెగాహెర్ట్‌జ్ అని గళ్ళు గీసి మరీ రాశావు, బాగానే ఉంది, కానీ వాటి ముందు రోజంతా కూర్చోబోయేది నువ్వు కదా, నీ చేతికి అవి ఎలా ఒదుగుతాయో రాసిన గడి ఒక్కటీ లేదు. నన్నడిగితే పరికరం నాణ్యతలో సగం అక్కడే తేలిపోతుంది.

ముందు మల్టీమీటరు సంగతి. కౌంట్లంటే ఒక రేంజిలో మీటరు చూపగల మెట్ల సంఖ్య, అవి పెరిగితే డిస్‌ప్లే మీద అంకెలు పెరుగుతాయి, ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మొచ్చో యాక్యురసీ లైనులో ఉంటుంది. 6000 కౌంట్ల మీటరు, యాక్యురసీ 0.5 శాతం ప్లస్ 3 డిజిట్లు అనుకో. 6 వోల్టుల రేంజిలో 5 వోల్టులు కొలిస్తే శాతం వల్ల 25 మిల్లీవోల్టులు, చివరి అంకె 3 డిజిట్లు అటూ ఇటూ కదలడం వల్ల ఇంకో 3, మొత్తం 28 అటో ఇటో. బోర్డుకి సప్లై వస్తోందా లేదా చూసుకోవడానికి ఇది ధారాళంగా సరిపోతుంది, ఏడీసీని, అంటే వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పుని, కాలిబ్రేట్ చెయ్యాలంటే మాత్రం చాలదు.

నువ్వు అసలు రాయనిది కంటిన్యుటీ బజరు, ప్రోబులు పెట్టిన రెండు చోట్లూ కలిసి ఉంటే మోగేది. మీటరులో రోజూ ఎక్కువగా వాడేది అదే. కొన్ని మీటర్లు అర సెకను ఆలోచించుకుని గానీ కూయవు, ఐసీ (చిప్పు) కాళ్ళ మీద ప్రోబు గీసుకుంటూ షార్ట్ వెతికేటప్పుడు అలాంటిది చేతిలో ఉంటే ప్రాణం విసిగిపోతుంది. కొనేముందు ప్రోబులు రెండూ ఒకదానికొకటి గబగబా తాటించి చూడు, తగిలిన ప్రతిసారీ వెంటనే మోగాలి. రేంజి స్విచ్చి కూడా ఒక చేత్తో తిప్పి చూడు. మీటరు బల్ల మీద జారిపోతుంటే నీకు మూడో చెయ్యి కావాలి!

వెనక మూత తీసి ఫ్యూజులు చూడు. ముందువైపు క్యాట్ త్రీ 600 వోల్టులు (ఇంటి వైరింగు మీద వాడొచ్చనే భద్రతా రేటింగు) అని అచ్చు వెయ్యడానికి ఎవరైనా వేస్తారు, లోపల సన్నటి గాజు ఫ్యూజు ఉంటే ఆ అచ్చుని నమ్మకు, దాన్ని మెయిన్స్ (ఇంటి కరెంటు) దగ్గరికి తీసుకెళ్ళకు. ఇసక నింపిన సిరామిక్ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులు ఉండాలి, పెద్ద కరెంటుని కూడా పగలకుండా తెంచేవి. ఎందుకంటే ప్రోబుని 10 ఆంపియర్ల సాకెట్లో వదిలేసి వోల్టేజీ కొలవబోవడం ఎవరికైనా జరిగేదే. ఆ సాకెట్లో ఉన్నంతసేపూ మీటరంటే దాదాపు షార్టే, అప్పుడు నీకు అడ్డం నిలబడేది ఆ ఫ్యూజు ఒక్కటే. కాలిపోతే అదే రకం, అదే రేటింగుది వెయ్యి, దొరకలేదని తీగ చుట్టకు.

కరెంటు కొలిచేటప్పుడు మీటరు తనూ కొంత వోల్టేజీ తినేస్తుంది. మిల్లీఆంపియర్ల రేంజిలో లోపలి షంటు, అంటే కరెంటు కొలిచే రెసిస్టరు, 10 ఓంలైతే, 30 మిల్లీఆంపియర్లకే 0.3 వోల్టులు పోతాయి. 3.3 వోల్టుల బోర్డుకి 3 వోల్టులే అందుతాయి, అది రీసెట్ అవుతుంటే నువ్వు కోడులో తప్పు వెతుకుతూ కూర్చుంటావు. ఇలా పోయే వోల్టేజీ డేటాషీటులో బర్డెన్ వోల్టేజీ అని ఉంటుంది, అది చూసుకో.

ఇక స్కోపు. 100 మెగాహెర్ట్‌జ్ స్కోపు మీద 100 మెగాహెర్ట్‌జ్ సైన్ వేవ్ ఎత్తు 70 శాతమే కనిపించొచ్చు, బ్యాండ్‌విడ్త్ (స్కోపు ఎంత వేగం దాకా చూపగలదనే హద్దు) లెక్క కట్టేదే అలాగ. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే స్కోపు సొంత రైజ్ టైము, అంటే సిగ్నల్ కింది నుంచి పైకి లేవడానికి పట్టే సమయం, వస్తుంది, దీనికి 3.5 నానోసెకన్లు, అంతకంటే వేగంగా లేచే ఎడ్జ్‌ని అది ఉన్నదున్నట్టు చూపించలేదు. శాంపిల్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో) 1 గిగా అని రాసినచోట కింద చిన్నక్షరాలు కూడా చదువు, చాలా వాటిలో అది చానెళ్ళు, అంటే సిగ్నల్ ఇచ్చే ఇన్‌పుట్లు, పంచుకునేది, నాలుగూ ఆన్ చేస్తే తలా 250 మెగాయే. నాబుల విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. ప్రతి చానెలుకీ విడిగా వోల్ట్స్ నాబు ఉన్నదే తీసుకో. ఒకే నాబుతో నాలుగు చానెళ్ళనీ తిప్పేదాంట్లో ఏ చానెలు సెలెక్ట్ అయి ఉందో ప్రతిసారీ చూసుకోవాలి, సిగ్నల్ మీద పెట్టాల్సిన దృష్టి కాస్తా అక్కడికి పోతుంది. ఫ్యాను మోత కూడా విను, నవ్వకు, సాయంత్రానికి నీకే తెలుస్తుంది.

మంచి స్కోపుని కూడా ప్రోబు చెడగొడుతుంది. స్విచ్చి 1ఎక్స్ మీద ఉంటే మామూలు ప్రోబు కొద్ది మెగాహెర్ట్‌జ్ దాటి పనిచెయ్యదు, కాబట్టి 10ఎక్స్ (సిగ్నల్‌ని పదో వంతు చేసేది) మీదే ఉంచు, స్కోపు ఇచ్చే 1 కిలోహెర్ట్‌జ్ స్క్వేర్ వేవ్ మూలలు చదరంగా వచ్చేదాకా ప్రోబు స్క్రూ తిప్పు. ఎడ్జ్ పక్కన ఊగిసలాట కనిపిస్తే బోర్డుని తిట్టేముందు పొడుగు గ్రౌండ్ తీగ తీసేసి పొట్టి స్ప్రింగు పెట్టి చూడు. ఇంకోటి, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ గ్రౌండ్ క్లిప్పు నేరుగా మెయిన్స్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. మెయిన్స్ వైపు దాన్ని తగిలించకు, ఎర్త్ పిన్ను తీసేసి వాడుకోమని ఎవరైనా చెబితే అసలు వినకు, అలా చేస్తే స్కోపు ఒళ్ళంతా కరెంటే. ఆ పనికి డిఫరెన్షియల్ ప్రోబు ఉంది, ఎర్త్‌తో పనిలేకుండా రెండు చోట్ల మధ్య తేడా కొలిచేది.

పవర్ సప్లైకి మూడు చాలు: కరెంటు లిమిట్ (ఇంతకు మించి పోనివ్వని హద్దు), దాన్ని లోడు పెట్టకముందే సెట్ చేసుకునే వీలు, విడిగా అవుట్‌పుట్ బటను. కొత్త బోర్డుకి మొదట 50 మిల్లీఆంపియర్లే ఇచ్చి చూడు. సప్లై ఆన్, ఆఫ్ చేసేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతోందేమో స్కోపు మీద ఒకసారి చూసుకో, ఎగిరిపడేదైతే వెనక్కి ఇచ్చెయ్. లిమిట్ పెట్టాను కదా అని ఎల్‌ఈడీని నేరుగా తగిలించకు, అవుట్‌పుట్ కెపాసిటర్లో నిండి ఉన్న చార్జి లిమిట్ పనిచేసేలోపే దాన్ని కాల్చేస్తుంది.

ఖరీదైన మీటరు ఒక్కటి కొనేకంటే, ఒక మంచిదీ దానికి తోడు ఒక మామూలుదీ తీసుకో. వోల్టేజీ, కరెంటు ఒకేసారి చూడాల్సిన పని రోజూ వస్తుంది. స్కోపు మాత్రం ఇప్పుడే ఆర్డరు పెట్టకు. నువ్వు చేసే బోర్డుల మీద ఎక్కువలో ఎక్కువ ఎంత క్లాక్ ఉంటుంది, మెయిన్స్ మీద నడిచేవి ఏమైనా ఉన్నాయా, ఈ రెండూ రాసి పంపు, అప్పుడు చూద్దాం.

మావయ్య