నెబులైజర్ మందు ఛాతీ దాకా చేరుతోందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. జలుబు చేస్తే చాలు, పిల్లికూతలు, ఆయాసం. డాక్టరు గారు చెబితే నెబులైజర్ కొన్నాం. మాస్కు పెడితే ఏడుస్తాడని ముఖానికి కాస్త దూరంగా పట్టుకుంటున్నాను. కొత్తలో పది నిమిషాల్లో అయిపోయేది, ఇప్పుడు ఇరవై నిమిషాలైనా కప్పులో మందు మిగిలే ఉంటోంది. ఆసుపత్రిలో పెట్టినంత గుణం కనిపించడం లేదు. ఎందుకని?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండు లోపాలున్నాయమ్మా. ఒకటి మాస్కు, రెండోది మిషను. మందు ఎక్కువగా వృథా అవుతున్నది మాస్కు దగ్గరే.

తెల్లటి పొగ కనబడుతోంది కాబట్టి మందు వెళ్తోందనే అనిపిస్తుంది. కానీ మాస్కుకీ ముఖానికీ మధ్య రెండు సెంటీమీటర్ల ఎడం ఉన్నా లోపలికి వెళ్లే మందు సగానికి పైగా తగ్గిపోతుంది. అన్నీ సరిగ్గా చేసినా మామూలు నెబులైజర్‌లో ఊపిరితిత్తులకు చేరేది కప్పులో పోసినదాంట్లో దాదాపు పదో వంతే. అందులోనూ కోత పడితే ఇక గుణమెక్కడ? ఏడుస్తున్నప్పుడు పెట్టినా అంతే. ఏడ్చే పిల్లాడు గాలి బయటికి ఎక్కువసేపు వదులుతాడు, మధ్యలో ఒక్కసారిగా ఎగపీలుస్తాడు. ఆ వేగానికి తుంపరలు గొంతులోనే అంటుకుని కడుపులోకి పోతాయి.

ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, ముక్కూ నోరూ మూసుకునేలా మాస్కు ఆనించండి. ఏడిస్తే ఆపి, ఊరడించి, మళ్లీ మొదలుపెట్టండి. ఆయాసం లేని రోజుల్లో మాస్కు చేతికిచ్చి ఆడుకోనివ్వండి, మిషను చప్పుడు అలవాటు చేయండి. నిద్రలో పెట్టేద్దామనుకుంటారు గానీ, చాలామంది పిల్లలు మాస్కు తగలగానే లేచి ఇంకా ఎక్కువ ఏడుస్తారు.

ఇక మిషను. కప్పు మూత తీసి చూడండి. అడుగున సన్నని బెజ్జం, దాని మీద బోర్లించిన గరాటులా చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటాయి. కంప్రెసర్ గాలి ఆ బెజ్జంలోంచి దూసుకొస్తుంటే మందు ఆ రెండింటి మధ్య సందులోంచి పైకి లాగబడి, ఎదురుగా ఉన్న అడ్డుకు కొట్టుకుని తుంపరలవుతుంది. పెద్ద చుక్కలు మళ్లీ కప్పులోకే జారిపోతాయి. 1 నుంచి 5 మైక్రాన్ల తుంపరలే సన్నటి శ్వాసనాళాల దాకా వెళ్లగలవు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే అవెంత చిన్నవో తెలుస్తుంది. కడిగేటప్పుడు ఆ గరాటు ముక్క పోగొట్టుకుంటే మిషను ఎంత మోగినా పొగ రాదు.

ఎక్కువ సమయం పడుతోందంటే గాలి తగ్గిందన్నమాట. నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి ఉంటేనే తుంపరలు సరిగ్గా వస్తాయి. మిషనుకున్న చిన్న మూత ఊడదీస్తే తెల్లని గుండ్రటి ఫిల్టర్ కనబడుతుంది. బూడిద రంగుకు తిరిగి ఉంటే మార్చేయండి. గొట్టం రెండు చివరలూ బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. బెజ్జంలో మందు ఎండి పేరుకుంటే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. గుండుసూదితో మాత్రం పొడవకండి. బెజ్జం పెద్దదైతే తుంపరలూ పెద్దవై గొంతులోనే ఆగిపోతాయి. అప్పటికీ బాగుపడకపోతే కప్పు కొత్తది కొనండి.

కప్పులో మొత్తం 3 నుంచి 5 మి.లీ. ఉండాలి. ఎంతసేపు నడిపినా అడుగున దాదాపు 1 మి.లీ. మిగిలిపోతుంది. 2 మి.లీ. బ్యూడెసొనైడ్ (శ్వాసనాళాల వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు) ఒక్కటే పోస్తే సగం దాకా అక్కడే ఉండిపోవచ్చు. అందుకే డాక్టర్లు సెలైన్ కలపమంటారు. 0.9 శాతం నార్మల్ సెలైనే కలపాలి. కుళాయి నీళ్లూ, మరగబెట్టిన నీళ్లూ వద్దు, ఉప్పు లేని నీటి తుంపరకు శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. జలుబు తైలాలు అసలే వేయకూడదు. పొగ తగ్గి బుడబుడమని చప్పుడు మొదలైతే కప్పును వేలితో తట్టండి, ఆ తర్వాత ఆపేయండి.

బ్యూడెసొనైడ్ పెట్టాక ముఖం తడిగుడ్డతో తుడిచి, నోరు పుక్కిలింపించండి. లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. ప్రతిసారీ కప్పు, మాస్కు సబ్బునీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వండి. గొట్టం కడగకండి, లోపల చెమ్మ ఉంటే కప్పు విడదీసి మిషను రెండు నిమిషాలు నడిపితే ఆరిపోతుంది.

మందు పెట్టాక కూడా డొక్కలు ఎగరేస్తున్నా, మాట తెగిపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా మామగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), కంట్లో నీటికాసులు కూడా ఉన్నాయి. శ్వాసనాళాలను వదులు చేసే ఇప్రాట్రోపియం ఉన్న నెబులైజర్ మందు రాశారు. మాస్కు వాడొచ్చా? పెట్టాక చేతులు వణుకుతున్నాయంటున్నారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాస్కు బదులు నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ వాడించండి. మాస్కు పై అంచు నుంచి జారే తుంపర కళ్లలో పడితే ఇప్రాట్రోపియం కంటి ఒత్తిడిని పెంచగలదు. నీటికాసుల సంగతి మందు రాసిన డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మౌత్‌పీస్‌తో మరో లాభం, ముక్కులో మందు చిక్కుకోదు. వణుకు, గుండెదడ దాంతో కలిపి ఇచ్చే సాల్బ్యుటమాల్ (ఇదీ శ్వాసనాళాలను వదులు చేసే మందే) వల్ల వస్తాయి, కొన్ని గంటల్లో తగ్గుతాయి. ఛాతీలో నొప్పి గానీ, గుండె లయ తప్పినట్టు గానీ అనిపిస్తే మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఇన్‌హేలర్ కన్నా నెబులైజర్ మందు బలమైనదంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సాల్బ్యుటమాల్ రెస్ప్యూల్‌లో (నెబులైజర్ కప్పులో పోసే ఒక మోతాదు మందున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం) 2.5 మిల్లీగ్రాములుంటుంది, ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. లెక్కకు ఒక రెస్ప్యూల్ 25 పఫ్‌లతో సమానం. అయినా ఒక మోస్తరు ఆయాసంలో స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ఒక్కొక్కటిగా ఇచ్చిన 4 నుంచి 8 పఫ్‌లు దాదాపు అంతే పని చేస్తాయి, ఎందుకంటే నెబులైజర్‌లో చాలా మందు కప్పులోనూ గాలిలోనూ పోతుంది. స్పేసర్‌కు కరెంటు అక్కర్లేదు, ప్రయాణంలో సంచిలో పడుతుంది.