సింగిల్ ట్రాన్సాక్షన్ పెట్టినా మైఎస్‌క్యూఎల్ డంప్ సైట్‌ని ఎందుకు ఆపేస్తోంది?

టేబుళ్లన్నీ ఇన్నోడీబీవే (ట్రాన్సాక్షన్లు నడిపే స్టోరేజ్ ఇంజిన్), డంప్‌కి (డేటాబేస్‌ని ఫైల్‌లోకి తీసే బ్యాకప్ కమాండ్) సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ కూడా ఇచ్చాను, అయినా కొన్ని రాత్రుళ్లు బ్యాకప్ మొదలవగానే సైట్ బిగుసుకుపోతోంది అన్నారు. రెప్లికా (మెయిన్ సర్వర్‌కి నకలుగా నడిచే సర్వర్) కోసం అదే కమాండ్‌లో సోర్స్ డేటా ఆప్షన్ కూడా ఇచ్చానన్నారు కదా, చిక్కు అక్కడే ఉందండి.

సింగిల్ ట్రాన్సాక్షన్ ఒక్కటే అయితే పెద్ద లాకులేం ఉండవు. మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే చదువుకుంటూ పోతుంది, పక్కన ఇన్సర్టులు నడుస్తూనే ఉంటాయి. సోర్స్ డేటా (పాత పేరు మాస్టర్ డేటా) అడిగితే మాత్రం బిన్‌లాగ్ (మార్పులన్నీ వరసగా రాసుకునే లాగ్) పొజిషన్, డేటా స్నాప్‌షాట్ రెండూ ఒకే క్షణానివి కావాలి. అందుకని ముందు ఫ్లష్ టేబుల్స్ (తెరిచి ఉన్న టేబుళ్లన్నీ మూయించడం), ఆ వెంటనే సర్వర్ మొత్తానికి రీడ్ లాక్ (చదవొచ్చు, రాయడం కుదరదు). లాక్ పట్టుకునేది రెప్పపాటే. అక్కడిదాకా చేరడానికి కాచుకోవడమే కొంప ముంచుతుంది.

మాకు తెల్లవారుజామున 2 గంటలకు డంప్. ఒకరోజు ఎవరో ఆర్డర్ల టేబుల్ మీద నెలాఖరు రిపోర్టు పెట్టి ఇంటికెళ్లిపోయారు. ఫ్లష్ ఆ రిపోర్టు వెనక ఆగింది, ఆర్డర్ల కోసం వచ్చిన ప్రతి కొత్త క్వెరీ ఫ్లష్ వెనక ఆగింది. షో ప్రాసెస్‌లిస్ట్ (ఇప్పుడు ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే జాబితా) కొడితే స్క్రీన్ నిండా ఒకటే మాట: వెయిటింగ్ ఫర్ టేబుల్ ఫ్లష్. టెన్షన్‌లో డంప్‌ని చంపేశాను. ఏం మారలేదు! ఫ్లష్ అడగడం అయిపోయింది కాబట్టి, రిపోర్టు ఆ టేబుల్‌ని వదిలేదాకా మిగతావి కదలవు. స్లీప్‌లో ఉన్నవి, రెప్లికేషన్ థ్రెడ్లు పక్కన పెట్టి, టైమ్ కాలమ్‌లో పెద్ద అంకె ఉన్న సెలెక్ట్‌ని కిల్ చేశాకే క్యూ కదిలింది.

ఇప్పుడు మా స్క్రిప్ట్ ముందు ప్రాసెస్‌లిస్ట్ చూస్తుంది, 60 సెకన్లు దాటిన క్వెరీ ఉంటే డంప్ మొదలుపెట్టదు. వీలుంటే రెప్లికా మీదే తీయండి. డంప్ రెప్లికా ఆప్షన్ ఎస్‌క్యూఎల్ థ్రెడ్‌ని (వచ్చిన మార్పుల్ని రెప్లికాలో అమలు చేసేది) ఆపి, అయ్యాక మళ్లీ నడుపుతుంది. అంతసేపూ రెప్లికా వెనకబడుతుంది, తర్వాత అందుకుంటుంది. డంప్ టైమ్‌లో ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణం మార్చడం) మాత్రం వద్దు, ఇంకా వంతు రాని టేబుల్‌ని మారిస్తే 1412 ఎర్రర్‌తో డంప్ ఆగిపోవచ్చు.

రీస్టోర్ గురించి అడగలేదు గానీ, ఆ ఫైల్‌ని లైవ్ డేటాబేస్‌లో ఎక్కించకండి. మామూలుగా అందులో ప్రతి టేబుల్‌కి ముందు డ్రాప్, తర్వాత రైట్ లాక్ ఉంటాయి. వేరే డేటాబేస్‌లో ఎక్కించి, చూసుకుని టేబుళ్లని రినేమ్ చేయండి. డేటాబేసెస్ ఆప్షన్‌తో తీసిన ఫైల్ అయితే లోపల యూజ్ లైన్ ఉంటుంది, మీరు కమాండ్‌లో ఏ పేరు ఇచ్చినా అది పాత డేటాబేస్‌లోకే పోతుంది.