84వ పేజీలో బస్సు టికెట్టు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ఒక సినిమా కథానాయిక అంటే దానికి ప్రాణం. ఆవిడ మాల్దీవులకు వెళ్లి, సముద్రపు ఒడ్డున ఈత దుస్తుల్లో ఇంగ్లీషు నవల చదువుకుంటున్న ఫోటోలు పెట్టింది. అది ఏ నవలో తేల్చడానికి మా అమ్మాయి, దాని స్నేహితురాళ్లు ఆ ఫోటోను పెద్దది చేసి చూసుకుంటూ రెండు రోజులు గడిపారు. ఆవిడ దుస్తుల గురించి నీచంగా రాసినవాళ్లతో రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్‌లో వాదిస్తుంటే మావారు చూసి ఫోన్ లాక్కున్నారు. తొమ్మిది రోజులుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మొన్న బీరువా సర్దుతుంటే చీరల అడుగున అదే నవల కనిపించింది. 84వ పేజీలో నెల్లూరు బస్సు టికెట్టు ఉంది. అక్కడిదాకా ఇంగ్లీషు మాటల మీద పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసి ఉన్నాయి. ఈ సంగతి మావారికి చెప్పాలా? ఈ పిచ్చి వదిలించేదెలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఆ పెన్సిలు అర్థాల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఒక నటి చేతిలో చూసిన పుస్తకాన్ని కొనడం ఎవరైనా చేస్తారు. కొన్న పుస్తకాన్ని, తెలియని మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, అర్థం వెతికి రాసుకుంటూ 84 పేజీలు చదవడం పిచ్చి ఉన్నవాళ్లు చేసే పని కాదు. అది చదువు. కళాశాల పాఠ్యపుస్తకాన్ని మీ అమ్మాయి ఇంత శ్రద్ధగా చదివితే మీరు పొరుగింటివాళ్లకు చెప్పుకొని సంతోషించేవారు కదా.

మీరు రెండు వేర్వేరు విషయాలను ఒకే మూటగా కట్టి నా ముందు పెట్టారు. అర్ధరాత్రి దాటేదాకా ముక్కూమొహం తెలియనివాళ్లతో తగువులాడటం ఒకటి, ఈ పుస్తకం ఇంకొకటి. మొదటిది తప్పకుండా ఆపవలసినదే. ఒక ఆడమనిషి ఒంటి గురించి నీచంగా రాసినవాళ్ల మీద మీ అమ్మాయికి కోపం రావడం న్యాయమే, అందుకు ఆమెను నేను తప్పుపట్టను. కానీ అటువంటివాళ్లకు కావలసిందే జవాబు. ఒకరికి చెప్పేలోగా పదిమంది తయారవుతారు, నిద్ర చెడేది మాత్రం మీ పిల్లకే. రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి, మీవారివి కూడా, హాల్లో ఒకేచోట పెట్టే ఏర్పాటు చేయండి. ఆమె ఒక్కదాని ఫోన్ మాత్రమే తీసుకుంటే అది శిక్ష అవుతుంది, అందరివీ పెడితే ఇంటి పద్ధతి అవుతుంది.

ఇక ఆ నటి నిజంగా చదువుతోందా, ఫోటో కోసం పట్టుకుందా అన్న ప్రశ్న మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. ఇది ఈనాటిది కాదు. 1955లో అమెరికాలో ఈవ్ ఆర్నాల్డ్ అనే ఫోటోగ్రాఫర్, ఈత దుస్తుల్లో కూర్చుని జేమ్స్ జాయిస్ రాసిన ‘యులిసిస్’ చదువుతున్న హాలీవుడ్ నటి మార్లిన్ మన్రోను ఫోటో తీశారు. అంత కష్టమైన నవలను ఆమె చదవడమేమిటని ఎందరో వెక్కిరించారు. ఆమె పోయిన తర్వాత, 1999లో ఆమె వస్తువులను వేలం వేసినప్పుడు, వాటిలో ఆమె సొంత పుస్తకాలే దాదాపు 400 ఉన్నాయి. అందమైన స్త్రీ చేతిలో పుస్తకం కనబడితే అబద్ధమనుకునే అలవాటు మనకు ఎంత పాతదో చెప్పడానికే ఇది రాశాను. అయినా మీకు ఆ నటితో పనిలేదు. ఆమె చదివినా చదవకపోయినా, మీ అమ్మాయి చదువుతోంది.

మీవారి సంగతి నెమ్మదిగా ఆలోచించాలి. కూతురి ఫోన్‌లో ఆ ఫోటో కంటబడగానే, రేపు మన పిల్ల కూడా ఇలాగే తయారవుతుందేమోనన్న భయం ఆయనకు కోపంగా బయటపడింది. అందుకని ఫోన్ లాక్కోవడం ఒప్పయిపోదు. ఇరవై ఏళ్ల పిల్ల చేతిలోంచి వస్తువు లాక్కుంటే ఆమె దాన్ని అవమానంగానే తీసుకుంటుంది. ఆ మాట ఆయనకు మీరే, ఆమె ఇంట్లో లేనప్పుడు చెప్పాలి. పుస్తకం సంగతి మాత్రం మీరు చెప్పకండి. అది ఆమె చెప్పుకోవలసిన విషయం. ముందుగా ఆమెతోనే, “బీరువాలో నీ పుస్తకం చూశానమ్మా, కథ ఎంతదాకా వచ్చింది?” అని అడగండి. ఎందుకు దాచావని అడగకండి, దాచవలసిన పరిస్థితి మనమే తెచ్చామని ఆమెకు తెలుసు. కథ చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డురాకుండా వినండి, ఆ పూట కూర కాస్త మాడినా ఫరవాలేదు.

ఆమె తనంతట తాను నాన్నకు చెప్పిన తర్వాత, ఒక ఆదివారం ముగ్గురూ తుమ్మలపెంట ఒడ్డుకు వెళ్లిరండి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు కనుక తెల్లవారుజామునే బయలుదేరండి, ఎండ ముదిరితే ఇసుకలో కూర్చోలేరు. నీళ్లలోకి దిగనవసరం లేదు. ఆమెను పుస్తకం తెచ్చుకోమనండి, చదువుతుంటే ఫోటో తీయమని మీవారికే ఫోన్ ఇవ్వండి. తొమ్మిది రోజుల మౌనం తర్వాత “కాస్త ఇటు తిరుగమ్మా” అన్న మాటతో మొదలుపెట్టడం ఆయనకూ సులువు.

ఆమెకు నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, కళాశాలకు వెళ్లనని మొండికేసినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందులకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. మీరు రాసినదాన్నిబట్టి ఆ అవసరం నాకు కనిపించడం లేదు.

ఈలోగా ఆ పుస్తకాన్ని తీసినచోటే పెట్టండి. టికెట్టు 84వ పేజీలోంచి జారిపోకుండా చూడండి.